కిలో బరువు తగ్గడానికి ఎంత కట్టాలి? పల్చటి లాప్‌టాప్‌ల 40 ఏళ్ల కథ

 

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. చేసింది మా బాబాయ్. బాబాయ్ పల్నాడులో మిర్చి పండిస్తాడు. వాళ్ళమ్మాయి, అంటే నా చెల్లి, ఇప్పుడు ఈసీఈ సెకండ్ ఇయర్. బాబాయ్ మామూలుగా ఫోన్ చేస్తే "తిన్నావా, ఎప్పుడొస్తావ్" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. ఆ రోజు మాత్రం నేరుగా విషయంలోకి దిగిపోయాడు.

"ఒరేయ్, మీ చెల్లి లాప్‌టాప్ కావాలంటోందిరా. లక్ష రూపాయలంట. ఎందుకమ్మా అంత అంటే, బరువు తక్కువ నాన్నా అంటోంది. నాకు అర్థం కాక అడుగుతున్నా. మనం యార్డుకి టిక్కీలు తోలితే, కాటా మీద బరువు పెరిగేకొద్దీ డబ్బులొస్తాయి. వీళ్ళేందిరా, బరువు తగ్గితే ఎక్కువ అడుగుతున్నారు?"

నేను గట్టిగా నవ్వేశాను. ఆ తర్వాత బాబాయ్ అన్న మాటకి నవ్వు ఆగిపోయింది. "మీ పిన్ని గాజులు బ్యాంకులో పెడదామనుకుంటున్నాం. నువ్వు ఇంజనీరువి కదా. పెట్టమంటే పెడతా."

చూడండి, ఇలా అడిగితే "మంచిదే బాబాయ్, కొనెయ్" అనడం చాలా ఈజీ. "అంత అవసరం లేదులే" అనడం కూడా ఈజీనే. కానీ గాజులు మనవి కావు. పోయిన సీజన్‌లో బాబాయ్‌కి మిర్చి క్వింటాకి 11 వేలు వచ్చింది. చెల్లి అడిగిన మ్యాక్‌బుక్ ఎయిర్ ధర అప్పటికి 99,900. అంటే తొమ్మిది క్వింటాళ్ళు, ఖర్చులు తీసేయకముందు లెక్క. అందుకే "రెండు రోజులు టైమివ్వు బాబాయ్" అన్నాను.

ఆ రెండు రోజుల్లో రివ్యూలు బోలెడు చూశాను. అన్నీ బెంచ్‌మార్క్‌లు, స్క్రీన్ బ్రైట్‌నెస్, స్పీకర్లు. బాబాయ్ అడిగిన ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. బరువు తగ్గితే డబ్బు ఎందుకు పెరగాలి? ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? దీనికి జవాబు కావాలంటే 40, 50 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. రండి, వెళ్దాం.

మొదట కల సంగతి. 1972లో అమెరికాలో, జిరాక్స్ కంపెనీ వాళ్ళ పార్క్ అనే రీసెర్చ్ సెంటర్‌లో అలన్ కే అనే ఆయన ఒక పేపర్ రాశాడు. అప్పటికి కంప్యూటర్ అంటే గదిలో కూర్చునే యంత్రం. ఈయన మాత్రం పుస్తకంలా చంకలో పెట్టుకుని తిరిగే కంప్యూటర్‌ని ఊహించాడు. దాని పేరు డైనాబుక్. ఎవరి కోసం అనుకున్నారు? పిల్లల కోసం. బరువు 4 పౌండ్ల లోపు, అంటే 1.8 కిలోలు దాటకూడదు. ధర 500 డాలర్ల లోపు ఉండాలి.

ఇది గుర్తు పెట్టుకోండి. లాప్‌టాప్ అనే ఆలోచన పుట్టినప్పుడే రెండు షరతులు ఉన్నాయి: తేలిగ్గా ఉండాలి, చవగ్గా ఉండాలి. మొదట ఊహించింది స్కూల్ పిల్లల బ్యాగ్ గురించి, పెద్ద ఆఫీసర్ల బ్రీఫ్‌కేస్ గురించి కాదు. కానీ ఆ రెండు షరతులూ ఒకే యంత్రంలో కుదరలేదు. మొదటి అడుగులోనే విడిపోయాయి.

1981లో ఆస్‌బర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. "మోసుకెళ్ళగలిగే కంప్యూటర్" అని బాగా అమ్ముడుపోయిన మొదటిది ఇదే. దీన్ని తెచ్చిన ఆడమ్ ఆస్‌బర్న్‌కి మన దక్షిణాదితో లింక్ ఉంది. ఆయన చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో. తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడమ్ చివరి రోజులు కూడా కొడైకెనాల్‌లోనే గడిపి, 2003లో అక్కడే చనిపోయాడు.

ఆయన చేసిన కంప్యూటర్ ధర 1,795 డాలర్లు. బరువు దాదాపు 11 కిలోలు. స్క్రీన్ 5 అంగుళాలు, అంటే మీరు ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఫోన్ కంటే చిన్నది. మూత పెడితే కుట్టు మిషన్ పెట్టెలా ఉంటుంది. మోసుకెళ్ళాలంటే ఒక చెయ్యి పూర్తిగా దానికే ఇచ్చేయాలి. అయినా జనం ఎగబడి కొన్నారు.

తర్వాతి ఏడాది, 1982లో, గ్రిడ్ కంపాస్ వచ్చింది. స్క్రీన్ కీబోర్డు మీదకి మడుచుకునే ఆకారం, ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న లాప్‌టాప్ ఆకారం, దీంతోనే మొదలైంది. డిజైన్ చేసింది బిల్ మొగ్రిడ్జ్. ఒళ్ళంతా మెగ్నీషియం. బరువు దాదాపు 5 కిలోలు. ధర ఎంతో తెలుసా? 8,150 డాలర్లు! అప్పటి డాలర్ ఇప్పటి మూడు డాలర్ల పైమాటే. అంటే ఇవాళ్టి లెక్కలో 25 వేల డాలర్లు దాటుతుంది. దానికి బ్యాటరీ కూడా లేదు, ప్లగ్గు పెట్టాల్సిందే.

ఇప్పుడు బాబాయ్ కాటా బయటికి తీద్దాం. ఆస్‌బర్న్ 11 కిలోలు, గ్రిడ్ 5 కిలోలు. ఆరు కిలోలు తగ్గింది. ధర 6,355 డాలర్లు పెరిగింది. అంటే ఒక్కో కిలో తగ్గించడానికి వెయ్యి డాలర్లకి పైగా. రెండింటి ప్రాసెసర్ వేరు, స్క్రీన్ వేరు, కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు. కానీ ఒక అంచనా దొరుకుతుంది.

మరి అంత పోసి ఎవరు కొన్నారు? ముఖ్యంగా అమెరికా సైన్యం, నాసా. 1983 చివర్లో వెళ్ళిన ఎస్‌టీఎస్-9 మిషన్‌లో గ్రిడ్ కంపాస్ స్పేస్ షటిల్ ఎక్కింది. షటిల్ ఇప్పుడు భూమిలో ఏ ప్రాంతం పైన ఉందో మ్యాప్ మీద చూపించడం దాని పని. రాకెట్‌లో పంపే ప్రతి గ్రాముకీ లెక్క ఉంటుంది. 11 కిలోల పెట్టె పంపేకన్నా 5 కిలోలది పంపడమే వాళ్ళకి లాభం. అంటే నాసాకి 8,150 డాలర్లు ఖరీదు కాదు. వాళ్ళ పనిలో బరువు మొయ్యడమే అసలు ఖర్చు.

నాకు మొదటి క్లూ ఇక్కడ దొరికింది. తేలిక లాప్‌టాప్ ధర ఎక్కువా తక్కువా అన్నది, దాన్ని మోసేవాళ్ళకి బరువు ఎంత ఖరీదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్పెసిఫికేషన్ షీట్‌లో ఈ నంబర్ ఉండదు.

ఇక 1990ల్లోకి వద్దాం. 1991లో ఆపిల్ పవర్‌బుక్ తెచ్చింది. కీబోర్డుని వెనక్కి, స్క్రీన్ వైపు జరిపి, ముందు చేతులు ఆనించుకునే చోటు వదిలింది. అంతకుముందు చాలా వాటిలో కీబోర్డు ముందు అంచుకే ఉండేది. ఇప్పుడు మనందరి లాప్‌టాప్‌లూ ఇలాగే ఉన్నాయి. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సి వచ్చింది. కలర్ స్క్రీన్, మధ్యలో ఎర్రటి చుక్కలాంటి బటన్. ధర 4,350 డాలర్లు. ఇవి కంపెనీలు తమ మేనేజర్లకి, సేల్స్ వాళ్ళకి కొనిచ్చిన యంత్రాలు. జేబులోంచి కొన్నవాళ్ళు తక్కువ.

1998లో మిత్సుబిషి కంపెనీ పెడియన్ అనే లాప్‌టాప్ తెచ్చింది. మందం 18 మిల్లీమీటర్ల చిల్లర. ఆ రోజుల్లో మామూలు లాప్‌టాప్ మందం దీనికి రెండింతలు పైనే. ధర దాదాపు 6,000 డాలర్లు. హార్డ్‌వేర్ సమస్యలొచ్చి కొద్ది కాలానికే మార్కెట్ నుంచి మాయమైంది. డబ్బు పోసి కొన్నవాళ్ళకి మిగిలింది "అందరికంటే ముందు కొన్నాం" అన్న పేరు.

సరిగ్గా పదేళ్ళకి, 2008 జనవరిలో, స్టీవ్ జాబ్స్ స్టేజ్ మీద ఒక కాగితం కవర్ తెచ్చి అందులోంచి లాప్‌టాప్ బయటికి తీశాడు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్. మందంగా ఉన్న చోట 19.4 మిల్లీమీటర్లు, అంచున 4 మిల్లీమీటర్లు. బరువు 1.36 కిలోలు. ధర 1,799 డాలర్లు. పెడియన్‌కి దగ్గర మందం, మూడో వంతు ధర. పదేళ్ళు ఆగినవాళ్ళకి మిగిలింది దాదాపు 4,200 డాలర్లు.

మళ్ళీ కాటా వేద్దాం. అప్పుడే ఆపిల్ మామూలు మ్యాక్‌బుక్ 1,099 డాలర్లు, 2.27 కిలోలు. ఎయిర్‌కి 700 డాలర్లు ఎక్కువ, 900 గ్రాములు తక్కువ. అంటే కిలోకి 770 డాలర్ల దాకా. 1982లో వెయ్యి. పైగా 2008 డాలర్ బాగా చిక్కిపోయిన డాలర్. కాబట్టి కిలో తగ్గించే ధర నిజంగానే పడిపోయింది.

అయితే ఆ 700 ఎక్కువ ఇచ్చి ఏం పోగొట్టుకున్నారో కూడా చూడాలి. సీడీ డ్రైవ్ లేదు. యూఎస్‌బీ పోర్ట్ ఒక్కటే. హార్డ్ డిస్క్ 80 జీబీ, అది కూడా నెమ్మదిది. ర్యామ్ 2 జీబీ, బోర్డుకే సోల్డర్ చేసేశారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. ఈ చివరి పాయింట్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇదే టైమ్‌లో ఇంకో కథ నడిచింది. 2007లో తైవాన్ కంపెనీ అసుస్, ఈ పీసీ అనే చిన్న లాప్‌టాప్ తెచ్చింది. బరువు 920 గ్రాములు. ఎయిర్ కంటే తేలిక! బాగా అమ్ముడైన 4 జీబీ మోడల్ ధర 399 డాలర్లు. అలన్ కే పెట్టిన రెండు షరతులూ, బరువూ ధరా, 35 ఏళ్ళకి కాగితం మీద నెరవేరాయి.

కాగితం మీదే. స్క్రీన్ 7 అంగుళాలు, కీలు చిన్నవి, పెద్దవాళ్ళ వేళ్ళు ఇరుక్కుపోయేవి. రెండు బ్రౌజర్ ట్యాబ్‌లు తెరిస్తే ఆయాసపడేది. ఇలాంటి నెట్‌బుక్‌లు రెండు మూడేళ్ళు విపరీతంగా అమ్ముడై, 2012 చివరికల్లా దాదాపు తయారీయే ఆగిపోయింది. టాబ్లెట్లు వచ్చి ఆ చోటు లాక్కున్నాయి.

ఈ నెట్‌బుక్ కథ బాబాయ్ ప్రశ్నకి సగం జవాబు చెప్పేస్తుంది. ఊరికే బరువు తగ్గించడం ఖరీదు కాదు. అన్నీ తీసేస్తే చవగ్గానే తగ్గుతుంది. పెద్ద స్క్రీన్, మంచి కీబోర్డు, వేగం, బ్యాటరీ, వీటిలో ఏదీ వదలకుండా బరువు తగ్గించడమే ఖరీదు.

ఎందుకు ఖరీదు? కొంచెం టెక్నికల్‌గా చెప్తాను, బోర్ కొట్టదు. పల్చటి డబ్బాలో గాలి ఆడే చోటు తక్కువ. ప్రాసెసర్ వేడెక్కితే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. అందుకని తక్కువ కరెంటుతో నడిచే చిప్‌లు కావాలి. ఒకే పళ్ళెంలాంటి సిలికాన్ మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. పరీక్షించి, తక్కువ వోల్టేజీకే బాగా నడిచేవాటిని ఏరుతారు. మిర్చి యార్డులో కాయల్ని గ్రేడ్ చేసినట్టే. మొదటి ఎయిర్ కోసం ఇంటెల్ తన చిప్ ప్యాకేజీనే 60 శాతం చిన్నది చేసింది. ఇక బాడీ. పల్చటి ప్లాస్టిక్ వంగిపోతుంది, కాబట్టి మెగ్నీషియమో, అల్యూమినియం దిమ్మని మిషన్‌తో తొలిచి తీసిందో కావాలి. దిమ్మని తొలవడానికి టైమ్ పడుతుంది, టైమ్ అంటే డబ్బు.

అన్నిటికంటే నాకు షాక్ ఇచ్చింది స్టోరేజ్. మొదటి ఎయిర్‌లో హార్డ్ డిస్క్ బదులు 64 జీబీ ఎస్‌ఎస్‌డీ కావాలంటే అదనంగా 999 డాలర్లు కట్టాలి. మళ్ళీ చదవండి, 64 జీబీ, 999 డాలర్లు! ఇవాళ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, మన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్ని వందల రూపాయలకి ఇస్తారు. స్పీడ్‌లో తేడా ఉందనుకోండి, కానీ ఆ రోజు అంత మెమరీకే అంత ధర.

మరి 2008లో 999 డాలర్లు కట్టినవాళ్ళు పిచ్చివాళ్ళా? కాదు. అలాంటి వాళ్ళు ముందు కొనడం వల్లే ఫ్యాక్టరీలు పెరిగాయి, ధర దిగింది. గ్రిడ్ కొన్న సైన్యం మడతపెట్టే లాప్‌టాప్‌కి డబ్బు కట్టింది. పవర్‌బుక్ కొన్న మేనేజర్ మన కీబోర్డుకి కట్టాడు. ఖరీదైన లాప్‌టాప్ మీద మనం కట్టే ఎక్స్‌ట్రాలో ఒక భాగం, రేపు అందరికీ చవగ్గా రాబోయే దానికి ఇవాళ కట్టే చందా. కట్టగలిగినవాళ్ళు కట్టొచ్చు. కానీ పిన్ని గాజులు పెట్టి ఆ చందా కట్టాలా అన్నదే నా డౌటు.

దిగడం ఎంత స్పీడ్‌గా జరిగిందో చూడండి. 2010 అక్టోబర్‌లో కొత్త 11 అంగుళాల ఎయిర్ వచ్చింది. హార్డ్ డిస్క్ లేదు, పూర్తిగా ఫ్లాష్ స్టోరేజే. ధర 999 డాలర్లు. రెండున్నరేళ్ళ కిందట స్టోరేజ్ ఒక్కదానికి అడిగిన డబ్బుకి మొత్తం లాప్‌టాప్ వచ్చేసింది. 2011లో ఇంటెల్ భయపడి "అల్ట్రాబుక్" అనే పేరు పెట్టి, 300 మిలియన్ డాలర్ల ఫండ్ కూడా పెట్టి, వెయ్యి డాలర్ల లోపు పల్చటి లాప్‌టాప్‌లు చెయ్యండి అని అన్ని కంపెనీలనీ తోసింది. అసుస్ జెన్‌బుక్, ఏసర్, లెనోవో, తోషిబా మోడళ్ళు ఆ ఏడాదే వచ్చాయి. అప్పట్లో అబ్బురంగా చూసిన కిలోన్నర లాప్‌టాప్ ఇవాళ మామూలు షాపులో మామూలు వస్తువు.

ఇంతవరకూ హ్యాపీ కథ. ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. ఇక్కడ నా కథ కూడా ఉంది.

2019లో నాకు గచ్చిబౌలిలో మొదటి జాబ్ వచ్చింది. జీతం 28 వేలు. రెండో నెలలోనే 1.1 కిలోల లాప్‌టాప్ కొన్నాను. 98 వేలు, 18 నెలల ఈఎంఐ. కంపెనీ పేరు చెప్పను, ఏ కంపెనీదైనా కథ ఇదే అయ్యుండేది. హాస్టల్‌లో రూమ్‌మేట్స్ ఒక్కొక్కరూ ఒక్క వేలితో ఎత్తి చూశారు. నిజం చెప్పాలంటే, ఆ పది నిమిషాల కోసమే కొన్నానేమో.

ఆ తర్వాత 2020 మార్చి. లాక్‌డౌన్. ఊరెళ్ళిపోయాను. ఏడాదిన్నర పాటు ఆ 1.1 కిలోల లాప్‌టాప్ మా ఇంట్లో ఒకే చెక్కబల్ల మీద కూర్చుంది. ప్రతి నెలా ఈఎంఐ కట్టాను. దేనికి? బరువు తగ్గించినందుకు. మోసింది ఎక్కడికి? వంటింటి నుంచి వరండాకి, సిగ్నల్ కోసం.

అంతటితో అయిపోలేదు. అందులో ర్యామ్ 8 జీబీ, బోర్డుకి సోల్డర్ చేసింది. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, పక్కన బ్రౌజర్, మూడూ తెరిస్తే కదిలేది కాదు. నా ఫ్రెండ్‌ది 2.1 కిలోల లావు లాప్‌టాప్. వాడు మూడు వేలు పెట్టి ఇంకో 8 జీబీ వేసుకున్నాడు, నేను వేసుకోలేను. మూడో ఏడాది, వారంటీ అయిపోయాక, చార్జింగ్ పోర్ట్ పోయింది. పోర్ట్ విడిగా మార్చరు, మొత్తం బోర్డు మార్చాలన్నారు. ఎస్టిమేట్ 46 వేలు. నేను మార్పించలేదు. అది ఇప్పటికీ బీరువాలో, చీరల కింద ఉంది.

అందుకే సోల్డర్ దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. పల్చగా చెయ్యాలంటే ర్యామ్ స్లాట్ ఎత్తు కూడా అడ్డమే. బ్యాటరీ చుట్టూ ఉండే గట్టి డబ్బా అడ్డమే. కాబట్టి అతికించేస్తారు. దాంతో మందం తగ్గుతుంది, కానీ రిపేర్ ఖర్చు కొన్నవాడి మీద పడుతుంది. అది ప్రైస్ ట్యాగ్ మీద కనపడదు, మూడేళ్ళ తర్వాత కనపడుతుంది.

పల్చదనం కోసం ఎంత దూరం వెళ్ళారో చెప్పడానికి 2015 మ్యాక్‌బుక్ చాలు. 920 గ్రాములు, 1,299 డాలర్లు, చార్జింగ్‌తో కలిపి పనికొచ్చే పోర్ట్ ఒక్కటే. మందం తగ్గించడానికి బటర్‌ఫ్లై అనే కొత్త కీబోర్డు పెట్టారు. కీల కింద కాస్త దుమ్ము చేరినా కొన్ని అక్షరాలు పడేవి కాదు, కొన్ని రెండుసార్లు పడేవి. 2018లో ఆపిలే ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ పెట్టింది. కోర్టు కేసులో 2022లో 50 మిలియన్ డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది. ఆ మ్యాక్‌బుక్‌ని 2019లోనే ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్‌లలో పాత పద్ధతి కీబోర్డే తిరిగొచ్చింది.

ఇదంతా విని "అయితే ఖరీదైనవన్నీ దండగే" అనుకోకండి. అది కూడా తప్పే. 2020 నవంబర్‌లో ఎం1 చిప్‌తో వచ్చిన ఎయిర్ చూడండి. మన దగ్గర 92,900. ఫ్యాన్ లేదు, శబ్దం లేదు. వీడియో చూస్తే 18 గంటల దాకా బ్యాటరీ అని కంపెనీ చెప్పింది. 2008 ఎయిర్‌కి చెప్పింది 5 గంటలు. ఆ ఐదేళ్ళ కిందటి ఎం1 మెషీన్లతో ఇవాళ కూడా వీడియో ఎడిటింగ్ చేస్తున్న ఫ్రెండ్స్ నాకున్నారు. రోజూ తిరుగుతూ, ప్లగ్గు దొరకని చోట పని చేసుకుని సంపాదించేవాళ్ళకి ఆ డబ్బు ఏడాదిలో వెనక్కొస్తుంది. నాసా లెక్క వాళ్ళకి వర్తిస్తుంది.

సరే, రెండు రోజులయ్యాయి. బాబాయ్‌కి జవాబు చెప్పాలి. కానీ ముందు చెల్లికి ఫోన్ చేశాను. నిజానికి నా మనసులో జవాబు అప్పటికే రెడీగా ఉంది: వద్దు అని. స్టూడెంట్‌కి ఎందుకు, షో కోసమేగా, నేను చేసిన తప్పే చేస్తోంది అనుకున్నాను.

"ఏమ్మా, రోజూ ఎంతసేపు మోస్తావ్?" అని అడిగాను.

"ఇప్పుడు మా సీనియర్ అక్క ఇచ్చిన గేమింగ్ లాప్‌టాప్ మోస్తున్నా అన్నయ్యా. అది, చార్జర్ కలిపి మూడు కిలోల పైనే. ఇంటి నుంచి సెంటర్‌కి నడక. అక్కడ ఆర్టీసీ బస్సు. సీటు దొరకదు, గంటన్నర నిలబడే. బ్యాగ్ కింద పెడితే తొక్కేస్తారు, భుజానే ఉండాలి. కాలేజీలో మూడో ఫ్లోర్. సాయంత్రం మళ్ళీ అంతే. భుజం పట్టేస్తోంది. నాన్నకి చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు. చెప్తే హాస్టల్లో పడేస్తానంటాడు, దానికి మళ్ళీ ఇంకో 80 వేలు."

నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. జాబ్ చేస్తూ, ఆఫీస్ క్యాబ్‌లో తిరుగుతూ, 1.1 కిలోల లాప్‌టాప్ కొన్నది నేను. రోజుకి మూడు గంటలు నిలబడి మూడు కిలోలు మోస్తున్నది తను. మా ఇద్దరిలో బరువు తగ్గించుకునే హక్కు ఎవరికుంది? "స్టూడెంట్‌కి ఎందుకు" అని నేననుకున్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది. అలన్ కే మొదట ఊహించింది ఇలాంటి బ్యాగ్ గురించే కదా.

కాబట్టి తేలిక లాప్‌టాప్ తనకి అవసరం. అది ఖాయం. కానీ లక్ష రూపాయలది అవసరమా? అప్పుడు రెండో ప్రశ్న అడిగాను. "ల్యాబ్‌లో ఏం వాడతారు?" "వివాడో, కైల్" అంది. వివాడో విండోస్, లైనక్స్ మీద నడుస్తుంది, మ్యాక్ మీద నడవదు. కైల్ మైక్రోవిజన్ కూడా విండోస్‌దే. పైగా వివాడోకి ర్యామ్ బాగా కావాలి, స్టోరేజ్ పదుల జీబీలు తింటుంది. అంటే గాజులు పెట్టి కొన్న తర్వాత, ల్యాబ్ పని కోసం మళ్ళీ ఆ మూడు కిలోలదే మొయ్యాలి. ఈ ముక్క తనకి ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం ఇద్దరం కలిసి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. మూడు ఫ్లోర్లు తిరిగాం. చివరికి కంపెనీల నుంచి లీజు అయిపోయి వచ్చిన ఒక బిజినెస్ మోడల్ దొరికింది. 2018 నాటిది, 14 అంగుళాల స్క్రీన్, 1.3 కిలోల చిల్లర. అప్పట్లో పెద్ద ఆఫీసర్లకి ఇచ్చే రకం. ర్యామ్ 8 జీబీ బోర్డు మీద ఉంది, పక్కన ఒక స్లాట్ ఉంది. నేను అక్కడే వెనక మూత విప్పించి చూశాను. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు, బ్యాటరీ స్క్రూలతో ఉంది. ఇంకో 16 జీబీ ర్యామ్, కొత్త బ్యాటరీ వేయించి, మొత్తం 34 వేలు. చార్జర్ టైప్-సి, చిన్నది. కొత్తది కాదు కాబట్టి గ్యారంటీ ఆరు నెలలే ఇచ్చారు. మూత మీద ఒక గీత ఉంది. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనపడదు. ఇవి కూడా మీకు చెప్పాలి.

చివరిసారి కాటా వేద్దాం. చెల్లి అడిగిన ఎయిర్ 1.24 కిలోలు, 99,900. కొన్నది 1.3 చిల్లర, 34 వేలు. తేడా వంద గ్రాములు, 66 వేలు. నిజమే, ఎయిర్ స్పీడ్‌లో, బ్యాటరీలో, స్క్రీన్‌లో ఇంకో లెవెల్. కానీ తన భుజానికి కావాల్సింది బరువు తగ్గడం, తన ల్యాబ్‌కి కావాల్సింది విండోస్. ఆ రెండూ, ఎవరో పెద్ద కంపెనీ ఏడేళ్ళ కిందటే చందా కట్టేసిన మెషీన్‌లో దొరికాయి.

మీ విషయంలో లెక్క వేరే రావొచ్చు. అందుకే నేను మోడల్ పేర్లు చెప్పడం లేదు, అడగాల్సినవి చెప్తున్నాను. రోజుకి ఎన్ని గంటలు నిజంగా భుజాన మోస్తారు? గంట కూడా లేకపోతే పల్చదనానికి డబ్బు కట్టకండి, ఆ డబ్బు ర్యామ్‌లో పెట్టండి. మీ కోర్సు, మీ పని అడిగే సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందా? మీ సీనియర్స్‌ని అడగండి, షాపువాణ్ణి కాదు. నాలుగో ఏడాదిలో ఒక భాగం పోతే ఆ ఒక్క భాగమే మార్చొచ్చా, బోర్డంతా మార్చాలా? ఇంకో ముఖ్యమైనది, డబ్బు ఎవరిది? మీ జీతమైతే మీ ఇష్టం, నాలా తప్పు చేసి నేర్చుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు తాకట్టు పెట్టేదైతే ఆ తప్పు చేసే హక్కు మనకి లేదు.

బస్సెక్కేటప్పుడు చెల్లి ఒక మాట అంది. "మా క్లాస్‌లో నలుగురి దగ్గర ఆపిల్ ఉంది అన్నయ్యా. వాళ్ళ మధ్య కూర్చుని ఇది తెరవాలి కదా." నేను దానికి లెక్చర్ ఇవ్వలేదు. ఆ ఫీలింగ్ నాకు తెలుసు. ఆ పది నిమిషాల కోసం 98 వేలు పోసినవాణ్ణి. "జాబ్ వచ్చాక నీ డబ్బుతో కొనుక్కో, నేనే వచ్చి బాక్స్ ఓపెన్ చేసి వీడియో తీస్తా" అన్నాను.

రాత్రి బాబాయ్ ఫోన్ చేశాడు. గాజులు ఇంట్లోనే ఉన్నాయన్నాడు. కొట్టు దగ్గర కాటా మీద పెట్టి చూశాడంట, కిలో మూడొందల యాభై వచ్చిందంట. "పాతది ఎంతుందిరా?" అన్నాడు. భుజం నొప్పి సంగతి చెప్పకుండా, "మూడు కిలోలు బాబాయ్" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "అంత బరువు మోసిందా పిల్ల ఇన్నాళ్ళూ" అన్నాడు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో ఎవరైనా కాలేజీ బ్యాగ్ మోస్తుంటే, ఈ రోజు ఒక్కసారి ఆ బ్యాగ్ ఎత్తి చూడండి. తర్వాత లాప్‌టాప్ సంగతి మాట్లాడుకోండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.